మార్లవాయి బడి పంతుళ్ళు: మన గురువుల శిక్షణకు ఎనభై ఏళ్ళు



మా కాలేజీ హాస్టల్లో రాత్రి భోజనాలయ్యాక స్టడీ అవర్ ఉంటుంది. ఒకరోజు ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి డీసెట్ కాగితాలు పట్టుకొని నా గదికి వచ్చింది. మన గోండు పిల్లే. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"మేడం, జీవో 3 కొట్టేసిన్రు గదా. ఇంక టీచర్ ట్రైనింగ్ చేసి ఏం లాభం? వేరే ఏదన్న కోర్సు చూసుకుంటే నయం కాదా?"

నేనూ ఆ ట్రైనింగ్ చేసినదాన్నే. డీఎడ్, తర్వాత బీఎడ్ చేసి, కొన్నాళ్ళు బడిలో పాఠం చెప్పి, ఆ తర్వాత వార్డెన్‌నయ్యాను. అయినా ఆ పిల్లకు ఆ రాత్రి సరైన జవాబు చెప్పలేకపోయాను. "నీ ఇష్టం బిడ్డా, రేపు మాట్లాడుకుందాం" అని పంపేశాను. పంపేశాక నిద్ర పట్టలేదు.

మన సంఘం ఈ సంచికకు వ్యాసం అడిగినప్పుడు ఆ ప్రశ్ననే తీసుకున్నాను. దానికి జవాబు మన చరిత్రలో ఉంది. మన పిల్లలకు పాఠం చెప్పే గురువులను ఎవరు, ఎక్కడ, ఎట్లా తయారు చేశారు, మధ్యలో ఏం పోయింది, ఇంకా ఏం మిగిలింది అన్నది తెలిస్తే కోర్సు చేయాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

బడికి ముందున్న బడి

బడి రాకముందు మనకు చదువే లేదని చాలామంది అంటారు. అది నిజం కాదు. రాత లేదు, అంతే. మన పర్ధానులు కీక్రీ వాయిస్తూ పేర్సాపేన్ ముందర రాత్రంతా కథ పాడతారు. ఏ గోత్రం ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి ఎవరు సోదరులు, ఎవరింటికి పిల్లనివ్వాలి, ఎవరింటికి ఇవ్వకూడదు, ఇవన్నీ ఆ కథలోనే ఉంటాయి. పర్ధాను కొడుకు తండ్రి పక్కన కూర్చొని, వంత పాడుతూ ఏళ్ళ తరబడి నేర్చుకుంటాడు. అది కూడా శిక్షణే.

చిన్నపిల్లల పెంపకమూ అంతే. అమ్మ చేనుకు పోతే నాయనమ్మ దగ్గర, లేకపోతే అక్క చంకలో పిల్ల పెరిగింది. ఇప్పప్వు ఏరేటప్పుడు లెక్క నేర్చింది, దండారిలో అడుగు నేర్చింది. పూర్వ ప్రాథమిక విద్య పుస్తకంలో ఆట, పాట, కథ, చుట్టూ ఉన్న ప్రకృతి అని నాలుగు శీర్షికలు చదివినప్పుడు నాకు మా నాయనమ్మే గుర్తొచ్చింది.

అయితే ఈ చదువు మనల్ని ఒక్కదాని నుంచి కాపాడలేకపోయింది. అది కాగితం. పట్టా కాగితం, ఫారెస్టు వాళ్ళ జరిమానా కాగితం, షావుకారి బాకీ కాగితం. కాగితం చదవడం రాకపోవడం వల్ల మన తాతలు దున్నిన భూములు పోయాయి. నిజాం కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది అదే. దున్నుకున్న చేను రిజర్వు ఫారెస్టు అయింది. పట్టా తెలియని మనిషి తన చేనులోనే కూలివాడయ్యాడు.

జోడేఘాట్ తర్వాత

కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అని నిలబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిపోయాడు. ప్రతి ఏడూ ఆశ్వయుజ పౌర్ణమికి మనం అక్కడికి వెళ్ళి దండం పెట్టుకుంటాం. కానీ ఆ తర్వాత వచ్చిన బడి గురించి అక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడరు.

తిరుగుబాటును అణిచేశాక, ఈ మనుషులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వానికి అనిపించింది. ఆ పని మానవ శాస్త్రవేత్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ చేతికి వచ్చింది. ఆయన 1909లో వియన్నాలో పుట్టాడు. ఆస్ట్రియా 1938లో జర్మనీలో కలిసిపోవడంతో, 1939లో యుద్ధం మొదలవగానే బ్రిటిష్ వాళ్ళ లెక్కలో శత్రుదేశపు పౌరుడయ్యాడు. హైదరాబాద్ రాజ్యం దాటి పోకూడదని ఆంక్ష పెట్టారు. ఆ ఆంక్షల నడుమే ఆయన మొదట చెంచుల మధ్య, తర్వాత గోదావరి గట్టు కొండరెడ్ల మధ్య, ఆ తర్వాత మన గోండుల మధ్య ఉన్నాడు. భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకున్నాడు. మార్లవాయి ఇప్పుడు కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో ఉంది.

ఆయన రాసిన నివేదికల్లో తేలింది మన తాతలకు ఎప్పుడో తెలిసిందే: భూమి పోయింది, అడవి పోయింది, అధికారి భాష వీళ్ళకు రాదు, వీళ్ళ భాష అధికారికి రాదు. అప్పుడు నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ శాఖ చూసిన గ్రిగ్సన్ అంతకుముందు బస్తర్‌లో పనిచేసి మరియా గోండుల మీద పుస్తకం రాసినవాడు. అందుకే ఆ నివేదికలు బీరువాలో మూలపడలేదు.

ఇక్కడ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. మార్లవాయి బడిని దొర దయతో పెట్టిన బడి అని చెప్పుకుంటాం. దొర మంచివాడే. ఆయన్ని, ఎలిజబెత్‌ను మన వాళ్ళు ఇంటి మనుషులుగానే చూసుకున్నారు. 1987లో ఆమె పోతే మార్లవాయిలోనే సమాధి కట్టారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలు 2012లో ఆమె పక్కకే చేరాయి. కానీ జోడేఘాట్ లేకపోతే దొరను మన దగ్గరికి పంపేవాళ్ళే కాదు. ఆ బడి మనకు దానంగా రాలేదు, భీం రక్తానికి బదులుగా వచ్చింది.

1943: మార్లవాయి శిక్షణ కేంద్రం

1943లో గోండు విద్యా పథకం మొదలైంది. బడులు పెట్టాలన్నారు. పంతుళ్ళేరి? పట్నం నుంచి పంతులును పంపితే అడవిలో ఉండడు. ఉన్నా, పిల్లవాడు ఏమంటున్నాడో అతనికి తెలియదు. మరి గోండుల్లో చదువుకున్నవాళ్ళు? వేళ్ళ మీద లెక్కపెట్టాలి. అక్కడక్కడా మరాఠీ కాస్త చదవడం, రాయడం వచ్చిన కొద్దిమంది దొరికారు.

అప్పుడు తీసుకున్న నిర్ణయమే ఈ వ్యాసానికి ముఖ్యం. పంతుళ్ళు దొరికేదాకా ఆగలేదు, బయటివాళ్ళతో బడులు నింపలేదు. ఆ కొద్దిపాటి చదువు వచ్చిన మన యువకులనే తెచ్చి మార్లవాయిలో కూర్చోబెట్టి, పంతుళ్ళుగా తయారు చేయడం మొదలుపెట్టారు. ముందు పంతుళ్ళ బడి, తర్వాత పిల్లల బడి.

రెండో నిర్ణయం భాష గురించి. రాజ్యభాష ఉర్దూ, పొరుగు భాషలు మరాఠీ, తెలుగు. పిల్లల భాష మాత్రం గోండి. మొదటి చదువు గోండిలోనే అన్నారు. లిపి దేవనాగరి తీసుకున్నారు, కారణం సులువే. ఆ కొద్దిమంది చదువుకున్నవాళ్ళకు మరాఠీ వల్ల వచ్చిన అక్షరాలు అవే. గోండిలో వాచకాలు తయారయ్యాయి. మన తాతలు వేల ఏళ్ళుగా మాట్లాడిన మాటను పిల్లలు మొదటిసారి పలక మీద చూసుకున్నది అక్కడే.

మూడోది, ఆ కేంద్రం ఉన్న చోటు. పట్నంలో పెట్టలేదు. మార్లవాయి లాంటి గూడెంలో పెట్టారు. నేర్చుకునేవాడు పొద్దున పాఠం నేర్చుకొని సాయంత్రం మన మనుషుల మధ్యనే ఉన్నాడు. తల్లిదండ్రులు దారిన పోతూ, తమ పిల్లవాడు పుస్తకం పట్టుకోవడం చూశారు. బడి అంటే ఉన్న భయం అట్లా పోయింది. అక్కడ తయారైనవాళ్ళలో కొందరు బడులకు వెళ్ళారు, కొందరు గ్రామ ఉద్యోగాలకు వెళ్ళారు. తరతరాలుగా మనల్ని భయపెట్టిన కాగితాన్ని మొదటిసారి మన మనిషే చదివి మనకు చెప్పాడు.

ఆ రోజుల్లోనే సేతుమాధవరావ్ పగడీ అనే అధికారి ఆదిలాబాద్‌లో పనిచేస్తూ గోండి నేర్చుకొని, గోండి వ్యాకరణం రాశాడు. అధికారే పిల్లల భాష నేర్చుకోవడం మనకు కొత్త. ఆ తర్వాత అట్లాంటివాళ్ళను ఎంతమందిని చూశామో మీకే తెలుసు.

అదే యుద్ధం, ఇంకో శిక్షణ

డీఎడ్ చదివేవాళ్ళందరికీ మారియా మాంటిస్సోరి పేరు తెలుసు. 1907లో రోమ్‌లోని ఒక పేదల వాడలో పిల్లల ఇల్లు తెరిచిన డాక్టరమ్మ. ఆమె 1939లో మద్రాసు వచ్చి, అడయారులో ఉపాధ్యాయ శిక్షణ తరగతులు నడిపింది. ఇటలీ యుద్ధంలోకి దిగగానే ఆమె కూడా శత్రుదేశపు పౌరురాలైంది. ఆంక్షల నడుమనే 1946 దాకా ఈ దేశంలో ఉండి ఎంతోమంది ఉపాధ్యాయులను తయారు చేసింది.

ఒకే యుద్ధం ఇద్దరు పరదేశీయులను మన దేశంలో ఆపేసింది. ఒకరు మద్రాసులో పంతుళ్ళను తయారు చేస్తుంటే, మార్లవాయిలో ఇంకొకరి ఆధ్వర్యంలో మన తాతలు పంతుళ్ళవుతున్నారు. మాంటిస్సోరి గురించి నేను పరీక్షలో పది మార్కుల జవాబు రాశాను. మార్లవాయి గురించి నా శిక్షణ పుస్తకాల్లో ఒక్క వాక్యం నాకు కనబడలేదు. నేను పుట్టిన ఊరి నుంచి మార్లవాయికి బండి కట్టుకొని పోవచ్చు. మాంటిస్సోరి నాకు అక్కర్లేదని కాదు. ఆమె వల్ల చాలా నేర్చుకున్నాను. కానీ ఆమె పక్కన మన వాళ్ళకు కూడా ఒక పేజీ ఉంటే, నేను తర్వాత చేసిన తప్పు చేసేదాన్ని కాదేమో.

పుస్తకం పోయింది

మార్లవాయి పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్ళిపోయాడు. 1956లో భాషా రాష్ట్రాలు వచ్చాయి. పాత ఆదిలాబాద్ జిల్లా నుంచి కిన్వట్, రాజురా అప్పటి బొంబాయి రాష్ట్రానికి పోయాయి, మిగిలింది ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. ఒకే గోత్రం వాళ్ళు గీతకు అటూ ఇటూ అయ్యారు. అటు పిల్లలకు మరాఠీ, ఇటు పిల్లలకు తెలుగు బడిభాష అయింది. గోండి ఎటూ కాకుండా పోయింది. దేవనాగరి గోండి వాచకాలు తెలుగు బడిలో పనికి రాలేదు.

చిత్రమేమిటంటే, అదే 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరింది. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని అది రాష్ట్రాలకు చెబుతుంది. మన బడిలో గోండి ఆగిపోయిన కాలంలోనే చట్టంలో మన హక్కు రాసిపెట్టారు.

పుస్తకం పోయినా మనుషులు మిగిలారు. మార్లవాయిలో తయారైన పంతుళ్ళు తెలుగు నేర్చుకొని బడులు నడిపారు. పుస్తకం తెలుగులో ఉన్నా, పిల్లవాడికి అర్థం కాకపోతే గోండిలో చెప్పారు. ఏ జీవో వాళ్ళను అట్లా చెప్పమనలేదు. పిల్లవాడి ముఖం చూసి చెప్పారు.

నా తప్పు

ఇప్పుడు నా సంగతి. డీఎడ్ అయ్యాక ఒక గూడెం బడిలో విద్యా వాలంటీరుగా చేరాను. కొత్త రికార్డు పుస్తకాలు, రంగు చార్టులు, ఇస్త్రీ చీర. ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు ఎండాకాలం మధ్యాహ్నం లేచి నిలబడి "యేర్" అన్నాడు. యేర్ అంటే నీళ్ళు. మా ఇంట్లో నేను మొదట నేర్చుకున్న మాటల్లో అదొకటి.

నేను ఏమన్నానో తెలుసా? "తెలుగులో అడుగు, అప్పుడు పోనిస్తా" అన్నాను. మాట నేర్పుతున్నాననుకున్నాను. ఆ పిల్లవాడు నా ముఖం చూశాడు. అతనికి తెలుగు మాట రాదు. ఇంకోసారి "యేర్" అనడానికి భయం. అట్లాగే కూర్చున్నాడు. బడి వదిలేదాకా నీళ్ళు తాగలేదు. మర్నాడు రాలేదు. వారం తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ నాతో కోపంగా ఏమీ మాట్లాడలేదు. గోండిలోనే, "నువ్వు మన పిల్లవనుకున్నాను" అని మాత్రం అంది.

ఆ మాట ఇప్పటికీ నాతోనే ఉంది. మన జాతిలో పుట్టడం ఒక్కటే చాలదని ఆ రోజు తెలిసింది. నేను గోండునే, స్థానికురాలినే, శిక్షణ పొందినదాన్నే. అయినా బయటి పంతులు చేసే తప్పే చేశాను. నా శిక్షణలో నా భాషకు చోటు లేదు కాబట్టి, తరగతి గదిలోకి వెళ్ళేటప్పుడు దాన్ని గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలాను. పిల్లవాడు తర్వాత బడికి వచ్చాడు, నేను గోండిలోనే మొదలుపెట్టాను. కానీ ఆ వారం రోజులు అతనికి తిరిగి ఇవ్వలేను.

రెండు జీవోలు, ఒక తీర్పు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఏజెన్సీ బడుల్లో బయటి ఉపాధ్యాయులు ఉండకపోవడం, వచ్చినా సరిగ్గా రాకపోవడం పాత జబ్బు. దానికి మందుగా 1986 నవంబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 275 ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్నారు. అది న్యాయస్థానాల్లో నిలవలేదు. మళ్ళీ 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని బడుల్లో ఉపాధ్యాయ పోస్టులు నూటికి నూరు స్థానిక గిరిజనులకు, అందులో మూడో వంతు మహిళలకు అన్నారు. రాజ్యాంగం అయిదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో ఇచ్చిన జీవో అది.

ఇరవై ఏళ్ళలో ఆ జీవో వల్ల మన ఇళ్ళలో ఎంతమంది టీచర్లయ్యారో మీరే మీ గూడెంలో లెక్కపెట్టుకోండి. నేను చూసింది మాత్రం చెబుతాను. ఆడపిల్లను ఇంటర్ తర్వాత చదివించడానికి తండ్రి ఒప్పుకోవడానికి ఆ జీవో ఒక కారణమయ్యేది. "ట్రైనింగ్ చేస్తే మన దగ్గరే నౌకరీ వస్తది" అన్న మాటతో ఎన్నో పెళ్ళిళ్ళు ఆగాయి, ఎన్నో చదువులు సాగాయి.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవో చెల్లదని తీర్పిచ్చింది. నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను తీసేయవద్దని, ముందు ముందు మాత్రం పరిమితి దాటవద్దని రాష్ట్రాలకు చెప్పింది. అప్పుడు లాక్‌డౌన్. పిల్లలందరూ ఇళ్ళకు పోయారు. ఖాళీ హాస్టల్ వరండాలో కూర్చొని ఫోనులో ఆ వార్త చదివాను. వరుసగా తాళం వేసిన గదులు చూస్తే గుండె బరువైంది.

ఇప్పుడు తెలంగాణలో ఎస్టీ రిజర్వేషన్ 2022 నుంచి 10 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 6 శాతం. ఏజెన్సీ బడికి ఈ లెక్క సరిపోదని మనకు తెలుసు. జీవో 3కు బదులు న్యాయస్థానంలో నిలబడే చట్టం కావాలని రెండు రాష్ట్రాల్లోనూ ఆదివాసీ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఆ అడగడం ఆపకూడదు. కానీ చట్టం వచ్చే రోజుకు మన పిల్లల చేతుల్లో శిక్షణ పత్రాలు లేకపోతే, వచ్చిన పోస్టులు ఎవరు తీసుకుంటారు?

అంగన్‌వాడీ గడప

పోస్టుల గురించి మాట్లాడేటప్పుడు మనం ఒక గడపను మరచిపోతాం. అదే అంగన్‌వాడీ. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశంలో మొదట 33 ప్రాజెక్టులతో మొదలైంది. ఆరేళ్ళలోపు పిల్లలకు పోషణ, టీకాలు, ఆటపాటల చదువు, గర్భిణులకు, బాలింతలకు ఆసరా, అన్నీ ఒకే గదిలో. అందులో పనిచేసే అక్క ఆ ఊరి స్త్రీయే అయి ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న నియమం.

జాగ్రత్తగా చూస్తే ఇది మార్లవాయి ఆలోచనే. ఊరి మనిషిని తీసుకొని, శిక్షణ ఇచ్చి, ఆ ఊరి పిల్లల ముందే కూర్చోబెట్టడం. ఈ రోజుకీ గూడెంలో పిల్లవాడు "యేర్" అంటే ఏ ప్రశ్నా లేకుండా గ్లాసు అందేది అంగన్‌వాడీలోనే.

అయితే ఆ పనికి జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. పని పెరిగినట్టు గౌరవం పెరగలేదు. అయినా దాన్ని చిన్నచూపు చూడకండి. మెదడు ఎదుగుదలలో మొదటి ఆరేళ్ళే పునాది అని శిశు వికాస పాఠాల్లో చదువుతాం. ఆ ఆరేళ్ళూ పిల్లలుండేది ఆ అక్కల చేతుల్లోనే. 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ కార్యకర్తలకు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటే తక్కువ చదివినవాళ్ళకు ఏడాది డిప్లొమా ఇవ్వాలంది. తెలంగాణలో డీసెట్ రాసి రెండేళ్ళ పూర్వ ప్రాథమిక విద్యా డిప్లొమా కూడా చేయొచ్చు. మన ఆడపిల్లల్లో చాలామందికి ఆ కోర్సు ఉందనే తెలియదు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెప్పండి.

కోర్సును మనదిగా చదవడం

ఇంటర్ తర్వాత డీసెట్, డిగ్రీ తర్వాత ఎడ్‌సెట్, ఆ తర్వాత టెట్, డీఎస్సీ. మెట్లు ఇవి. పుస్తకంలో శిశు వికాసం, బోధనా పద్ధతులు, మూల్యాంకనం ఉంటాయి. బడికి పోయి చేసే అభ్యాసం ఉంటుంది. ఇవి పరాయివి అనుకొని బట్టీ కొట్టొద్దు. ఒక్కొక్క పాఠం పక్కన మన ఇల్లు పెట్టుకొని చదవండి.

పిల్లవాడు తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోతాడని పుస్తకం అంటే, గోండి నుంచి తెలుగుకు పోవడమే దానికి ఉదాహరణ. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంది. మార్లవాయి పంతులు ఆ చట్టానికి అరవై ఏళ్ళకు ముందే ఆ పని చేశాడు. బోధనోపకరణం తయారు చేయమంటే చార్టు కొనకండి. ఇప్పగింజలు, ఆకులు, నాయనమ్మ చెప్పిన పొడుపు కథ తీసుకెళ్ళండి. వ్యక్తి అధ్యయనం రాయమంటే బడి మానేసిన మీ గూడెం పిల్లవాడి గురించి రాయండి.

దారిలో సామగ్రి కూడా కొంత పోగయింది. 2004 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో బహుభాషా విద్య కింద గోండి, కొలామి, కోయ, కువి, సవర వంటి 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. గుంజాలలో దొరికిన రాతప్రతుల వల్ల గోండికి సొంత లిపి ఉందని లోకానికి తెలిసింది. 2018లో ఆ గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు మన లిపిని కంప్యూటర్‌లో రాసుకోవచ్చు. 1943లో వాచకం తయారు చేయడానికి మన వాళ్ళు అరువు లిపి తీసుకోవాల్సి వచ్చింది. మీకు ఆ అవసరం లేదు. లిపి ఉంది, ఫోను చేతిలో ఉంది. లేనిది ఆ వాచకాన్ని తరగతిలో తెరిచే పంతులు. పుస్తకాలు అచ్చయి, చెప్పేవాళ్ళు లేక అలమారలో ఉండడం నేను చూశాను.

ఇది గోండులకే కాదు. కొలాం పిల్లవాడికి మన గోండి పంతులు కూడా పరాయివాడే. మన బడిలో కొలాం, తోటి పిల్లలుంటే వాళ్ళ మాట కూడా నేర్చుకోవాలి. మనకు జరిగింది మనం ఇంకొకరికి చేయకూడదు.

ఆ అమ్మాయికి నా జవాబు

ఆ రాత్రి ప్రశ్నకు ఇప్పుడు చెబుతున్నాను.

బిడ్డా, జీవో 3 మనకు ఉద్యోగం ఇచ్చింది. అది పోవడం నష్టమే, దాన్ని చిన్నది చేసి నీకు చెప్పను. కానీ మన వాళ్ళు పంతుళ్ళయింది జీవో వచ్చాక కాదు. ఏ రిజర్వేషనూ లేని 1943లో, నాలుగు అక్షరాలు వచ్చిన మనుషులు మార్లవాయిలో కూర్చొని పంతుళ్ళయ్యారు. వాళ్ళకు ఉన్నవి రెండే: పిల్లవాడి భాష, దాన్ని ఎట్లా వాడాలో నేర్పిన శిక్షణ. భాష ఒక్కటే ఉంటే తరగతి గదిలో నీకు కుర్చీ ఇవ్వరు. శిక్షణ ఒక్కటే ఉంటే, నాలాగా పిల్లవాడిని దాహంతో కూర్చోబెడతావు. రెండూ కలిసిన మనిషిని ఏ తీర్పూ కొట్టేయలేదు.

ఉద్యోగం తప్పకుండా వస్తుందని నేను మాట ఇవ్వలేను. వేరే కోర్సు నీ మనసుకు నచ్చితే సంతోషంగా వెళ్ళు, అందులోనూ మన వాళ్ళు కావాలి. కానీ జీవో పోయిందనే ఒక్క కారణంతో ఈ దారి వదలకు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన పిల్లలకు పాఠం చెప్పడమే మనకు ఇంట గెలవడం.

ఆ అమ్మాయి చివరి తేదీ నాడు దరఖాస్తు పెట్టింది. ఫోటో సరిగ్గా లేదని రెండుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి తీసుకున్నారు. పరీక్ష రాసింది, సీటు వచ్చింది, ఇప్పుడు చదువుతోంది. మొన్న బడి అభ్యాసానికి వెళ్ళే ముందు ఫోన్ చేసి, "మేడం, ఒకటో తరగతికి మొదటి రోజు ఏం చెప్పాలె?" అని అడిగింది.

"ముందు వాళ్ళు ఏమంటారో విను" అన్నాను.

ఈసారి నాగోబా జాతరకు కేస్లాపూర్ పోయేవాళ్ళు, జోడేఘాట్ పోయేవాళ్ళు, వీలైతే మార్లవాయిలో కూడా ఆగండి. సమాధుల దగ్గర దండం పెట్టుకోండి. అక్కడితో వెనక్కి రాకండి. ఆ ఊరి పెద్దలను అడగండి, మొదటి పంతుళ్ళు ఎవరు, ఎక్కడ కూర్చొని చదివారు, ఏ పాట పాడి అక్షరం నేర్పారు అని. చెప్పగలిగినవాళ్ళు తగ్గిపోతున్నారు. విన్నది ఫోనులో రికార్డు చేసి, మన సంఘానికి పంపండి. నా శిక్షణ పుస్తకంలో లేని ఆ పేజీని మీరే రాయండి.

జై సేవా.